దారి యెవరిది? – సాఫ్టుబాలు ఆటలో అడ్డగింత తీర్పు

ఆటలయందు గెలుపోటములు సహజములు. గెలిచిన పిల్లలు నవ్వుదురు. ఓడిన పిల్లలు కొంతసేపు చిన్నబుచ్చుకొందురు. మరునాటికి ఇరువురును మరతురు. కాని “నాకు అన్యాయము జరిగినది” అను మాట మాత్రము పిల్లతో కూడ ఇంటికి వచ్చును. అన్నము తినునప్పుడును, జడ వేయించుకొనునప్పుడును మరల మరల వినబడుచుండును. ఓటమి నేర్పు పాఠమొకటి. అన్యాయమను తలంపు నేర్పు పాఠము వేరొకటి.

నేడు మన ఆంధ్ర తెలంగాణ ప్రాంతముల పాఠశాలలలో బాలికలు కబడ్డీ, ఖోఖోలతో పాటు సాఫ్టుబాలు కూడ ఆడుచున్నారు. ఆ ఆటలో చూపరులకు అన్యాయముగా తోచు తీర్పులలో ముఖ్యమైనదొకటి కలదు. పరుగిడుచున్న బాలిక ఎదుటి పక్షమువారి పనికి అడ్డువచ్చినదని అంపైరు ఆమెను ‘అవుటు’ చేయును. “పిల్ల తన దారిని తాను పరుగెత్తుచుండగా తప్పేమి?” అని మైదానము చుట్టు నిలిచినవారు కేకలు వేయుదురు. ఆ ప్రశ్నకు చక్కని సమాధానము కలదు. అది తెలిసిన తల్లి తన బిడ్డకు ఆటను మాత్రమేగాక న్యాయమును కూడ బోధింపగలదు. కావున దానిని మన యింటి మాటలలో వివరింప దలచితిమి.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. ఇది అమెరికా దేశమున, చికాగో నగరమున, 1887వ సంవత్సరమున పుట్టినది. ఫారగట్ బోట్ క్లబ్బను సంఘపు భవనములో, వారి కృతజ్ఞతా పండుగనాడు, యేల్, హార్వర్డు విద్యాలయముల నడుమ జరిగిన ఫుట్‌బాలు పోటీ ఫలితమునకై యువకులు కొందరు వేచియుండిరి. ఫలితము తెలిసిన సంతోషములో ఒకడు ముష్టియుద్ధపు తొడుగును విసరగా, మరియొకడు దానిని కఱ్ఱతో కొట్టెనట. అది చూచి జార్జి హాన్‌కాక్ అనునతడు, బేసుబాలు ఆటను ఇంటిలోపల ఆడుకొను రీతిగా దీనిని కూర్చెను. సాఫ్టుబాలను పేరు మాత్రము 1926లో వాల్టర్ హకన్‌సన్ అనునతడు సూచించినది. మెత్తని బంతి యని దాని యర్థము. కాని నేటి బంతి మెత్తనిది కాదు. 12 అంగుళముల చుట్టుకొలత గల గట్టి బంతి; వేగముగా తగిలిన చోట బొప్పి కట్టక మానదు. స్త్రీల ప్రపంచ పోటీలు మొదట 1965లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నున జరిగినవి; ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియా స్త్రీలే గెలిచిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో స్త్రీల సాఫ్టుబాలునకు మొదటిసారి స్థానము లభించినది.

ఇక ఆటస్థలమును కనులయెదుట నిలుపుకొందము. నాలుగు మూలలు గల చతురస్రమొకటి. ఒక్కొక్క భుజము 60 అడుగులు. నాలుగు మూలలయందును నాలుగు మజిలీలు. వీనికే బేసులని పేరు. అందొకటి హోము. అచ్చట ఒక బాలిక బ్యాటు పట్టి నిలుచును. 43 అడుగుల దూరమునుండి పిచ్చరను బాలిక చేతిని క్రిందినుండి త్రిప్పి బంతిని విసరును. బంతిని కొట్టిన బాలిక మొదటి, రెండవ, మూడవ బేసులను వరుసగా తాకి తిరిగి హోమునకు చేరినచో ఆమె పక్షమునకు ఒక పరుగు లభించును. ఎదుటి పక్షపు తొమ్మండుగురు బాలికలు బంతిని పట్టి, ఆమె బేసు చేరకమునుపే అవుటు చేయ యత్నింతురు. పరుగిడునామెను రన్నరనియు, బంతిని పట్టునామెను ఫీల్డరనియు అందురు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. రన్నరు పోవు దారి వేరు, బంతి దొర్లు దారి వేరు అని నేలపై ఎవరును విభజించి యీయలేదు. మొదటి బేసునుండి రెండవ బేసునకు పోవు బాలికయు, ఆ నడుమకు దొర్లివచ్చు బంతికై పరుగెత్తు బాలికయు ఒకే క్షణమున ఒకే చోటికి చేరుట తప్పదు. ఇరువురికిని అచ్చట పని కలదు. ఇరువురును న్యాయముగనే వచ్చిరి. అప్పుడు దారి యెవరిది?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆదిపర్వమున కల్మాషపాదుని కథ మనలో పెక్కుమంది చదివినదే. వేటాడి అలసి వచ్చుచున్న ఆ రాజునకు, ఒక్కరు మాత్రమే పోదగిన యిరుకు త్రోవలో వసిష్ఠుని కుమారుడగు శక్తి ఎదురుపడెను. తొలగుమని రాజు, తొలగుమని ముని, ఎవ్వరును తొలగలేదు. రాజు కొరడాతో కొట్టెను, ముని శపించెను. రాజు రాక్షసుడై మొదట శక్తినే భక్షించి, పిదప అతని తమ్ములను కూడ భక్షించెను. ఒక త్రోవ తగవు ఎంత దూరము పోయినదో చూడుడు! అచ్చట లేనిది, ఇరువురును తలయొగ్గు నిర్ణేత.

మనుస్మృతి రెండవ యధ్యాయమున దారి యెవరికీయవలెనో చెప్పబడినది. బండిపై పోవువానికి, కడు వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, స్నాతకునకు, రాజునకు, పెండ్లికుమారునకు తక్కినవారు తొలగవలెను. అందు గౌరవముచే దారి పొందువారు కొందరు. తొలగుట కష్టమగుటచే దారి పొందువారు కొందరు. నిండుబిందె తలపై పెట్టుకొని వచ్చునామెకు మనము ప్రక్కకు జరుగుదుము. ఆమె గొప్పదని కాదు, ఆమె చూపు, నడక, చేయి అన్నియు బిందెయందే యుండునని. సాఫ్టుబాలు నియమము ఈ రెండవ తెగకు చెందినది.

బ్యాటుతో కొట్టబడిన బంతిని పట్టబోవు ఫీల్డరే బిందె మోయునామె. ఆమె కన్నులు బంతిపై నుండును. ప్రక్కనుండి ఎవరు వచ్చుచున్నారో చూడజాలదు; చూచినచో బంతి పోవును. రన్నరునకైతే కన్నులు స్వేచ్ఛగా నున్నవి. ఆమె చూచి తప్పుకొనగలదు. కావున కొట్టిన బంతి విషయమున దారి ఫీల్డరుది. రన్నరు ఆమె వెనుకగా చుట్టుకొని పోవచ్చును, లేదా క్షణకాలము ఆగవచ్చును. చేతి బంతితో తాకవచ్చిన ఫీల్డరునుండి తప్పించుకొనుటకు తన దారికి మూడడుగులు దాటి ప్రక్కకు పోయిన రన్నరు అవుటగును. కాని బంతిని పట్టుచున్న ఫీల్డరునకు దారి యిచ్చుటకై అంతకంటె దూరము తొలగినను తప్పు లేదు. ‘దారి విడచినది’ అను నింద ఆమెపై పడకుండ నియమమే ఆమెను కాపాడుచున్నది.

ఇట్లు తొలగక అడ్డువచ్చుటనే ఇంటర్‌ఫియరెన్సు అందురు. ఇచ్చట మూడు సంగతులు గుర్తింపవలెను. మొదటిది, తాకిడి జరుగనక్కరలేదు. రన్నరు మీదికి వచ్చుచున్నదని బెదరి ఫీల్డరు అడుగు వెనుకకు వేసినను అడ్డగింతయే. ఫీల్డరును కలవరపెట్టుటకై రన్నరు “నాది, నాది!” అని అరచినను అడ్డగింతయే. రెండవది, కావలెనని చేసెనా, పొరపాటున జరిగెనా అను ప్రశ్న లేదు. “చూడలేదు” అను మాట అంపైరు చెవికెక్కదు. చూచుట రన్నరు ధర్మము. మూడవది, ఈ రక్షణ ఒక ఫీల్డరునకు మాత్రమే. ముగ్గురు బంతికై పరుగెత్తినప్పుడు, ఎవరు దానిని పట్టి అవుటు చేయగలరని అంపైరునకు తోచునో ఆమెకే దారి. తక్కిన ఇరువురును రన్నరునకు అడ్డు నిలువరాదు.

మా వారు ఉపాధ్యాయులగుటచే సాయంకాలము పాఠశాల మైదానమున బాలికలు ఆడునప్పుడు మేమును అప్పుడప్పుడు చూచుచుందుము. ఒకనాడు రెండవ బేసునుండి మూడవ బేసునకు పరుగెత్తు బాలికయు, నేలబంతికై వంగిన బాలికయు తలలు తాకి పడిపోయిరి. వంగిన బాలిక పెదవి చిట్లి నెత్తురు కారినది. అంపైరుగా నున్న వ్యాయామోపాధ్యాయుడు పరుగిడిన బాలిక అవుటనెను. “దెబ్బ ఇద్దరికిని తగిలినది గదా, శిక్ష మా పిల్లకేనా?” అని ఆమె తల్లి వాపోయినది. ఆ ప్రశ్న సహజము. కాని శిక్ష దెబ్బనుబట్టి కాదు. తప్పించుకొనగల కన్నులు ఎవరికి కలవో దానినిబట్టి. ఆ నియమమే లేనియెడల ప్రతి నేలబంతికిని ఒక పెదవి చిట్లును. తరువాతి వారము ఆ బాలికయే అట్టి బంతి వచ్చినప్పుడు ఫీల్డరు వెనుకగా విల్లువలె వంపు తిరిగి పోయి, సురక్షితముగా బేసు చేరినది.

కొట్టిన బంతి సంగతి ఇది. విసరిన బంతి విషయమున న్యాయము మారును. ఒక ఫీల్డరు మరియొక ఫీల్డరునకు బంతి విసరునప్పుడు అది రన్నరు వెన్నునకు తగులవచ్చును. వెనుకనుండి వచ్చు బంతిని ఆమె యెట్లు చూడగలదు? కావున ఇచ్చట ఉద్దేశము ప్రధానము. కావలెనని చేయి చాచిననో, శరీరమును అడ్డు పెట్టిననో తప్పు. ఊరక పరుగెత్తుచుండగా తగిలినచో తప్పు లేదు.

అయితే ఉద్దేశమును కనుగొనుట ఎంత కష్టమో సోదర క్రీడయగు బేసుబాలు చరిత్రయందు ఒక సంఘటన తెలుపును. 1978 అక్టోబరులో అమెరికాలో జరిగిన వరల్డ్ సిరీస్ నాలుగవ పోటీలో న్యూయార్కు యాంకీలు, లాస్ ఏంజెలిస్ డాడ్జర్లు తలపడిరి. రెండవ బేసున అప్పటికే అవుటైన రెజ్జీ జాక్సన్, మొదటి బేసునకు విసరిన బంతి వచ్చు దారిలో నిలిచియుండెను. బంతి అతని తుంటికి తగిలి ప్రక్కకు పోయినది. ఆ సందున యాంకీలకు ఒక పరుగు లభించినది. తుంటిని కావలెనని కదిపెనని డాడ్జర్లు మొరపెట్టిరి. అంపైర్లు అంగీకరింపలేదు. యాంకీలు ఆ పోటీని 4–3గా గెలిచిరి. తుంటి కదలికను కన్ను చూచును. మనసు కదలికను ఏ కన్ను చూచును?

విసరిన బంతి విషయముననే మరియొక కట్టుబాటు కలదు. హోమునుండి మొదటి బేసునకు పోవు దారిలో చివరి సగము, అనగా 30 అడుగుల మేర, గీత ప్రక్కన మూడడుగుల వెడల్పు గల పట్టె గీయబడియుండును. బంతిని కొట్టి పరుగిడు బాలిక ఆ పట్టె వెలుపల పోవుచు, మొదటి బేసున బంతి నందుకొను ఫీల్డరునకు అడ్డమైనచో అవుటు. ఇచ్చట దారి ముందే గీసి యిచ్చిరి గనుక ఉద్దేశముతో పనిలేదు.

కొట్టిన బంతియే రన్నరునకు తగిలినచో? ఆమె బేసు వదలియుండగా, ఏ ఫీల్డరును దాటకముందే బంతి తగిలినచో అవుటు. దగ్గరి ఫీల్డరును దాటి వచ్చిన బంతి తగిలినచో, దానిని పట్టగల ఫీల్డరు మరియొకరు వెనుక లేనప్పుడు, తప్పు లేదు. ఇక ఆమె బేసుపై కాలుమోపి యుండగా తగిలినచో, కావలెనని అడ్డుపడనంతవరకు సాఫ్టుబాలునందు అవుటు లేదు. బేసుబాలునందు మాత్రము సాధారణముగా అట్టి రన్నరును కూడ అవుటు చేయుదురు. రెండాటలను కలిపి చూచువారు మైదానమున వాదులాడుటకు ఇట్టి భేదములే కారణము.

ఇంతవరకు రన్నరు తప్పులే చెప్పితిమి. ఫీల్డరునకు తప్పులు లేవా? కలవు. చేతిలో బంతి లేక, కొట్టిన బంతిని పట్టు యత్నమును లేక, ఊరక దారిలో నిలిచి రన్నరును ఆపినచో దానిని అబ్‌స్ట్రక్షను అందురు. బిందె లేనప్పుడు దారి విడువవలసినది ఆమెయే.

ఈ రెండు తప్పులకు అంపైరు చూపు సంజ్ఞలలో గొప్ప భేదము కలదు. తల్లులు దీనిని గుర్తుంచుకొనవలెను. రన్నరు అడ్డువచ్చినప్పుడు అంపైరు వెంటనే రెండు చేతులును పైకెత్తి ఆటను ఆపును. బంతి ‘చచ్చినది’ అందురు. అడ్డువచ్చిన రన్నరు అవుటగును. తక్కిన రన్నర్లు ఆ క్షణమునకు తాము చివర తాకిన బేసులకు మరలవలెను. ఫీల్డరు అడ్డువచ్చినప్పుడు మాత్రము అంపైరు ఎడమచేతిని పిడికిలి బిగించి ప్రక్కకు చాచును. ఆట సాగుచునే యుండును. ఆట ముగిసిన పిమ్మట, అడ్డు లేకుండినచో ఆ రన్నరు ఏ బేసు చేరియుండెడిదో ఆలోచించి దానిని ఆమెకు ఇచ్చును. ఈ భేదమెందుకు? తప్పు చేసినవారు దానివలన లాభపడరాదు గనుక మొదటిదానిని వెంటనే ఆపవలెను. రెండవదానిలో వెంటనే ఆపినచో అన్యాయము పొందిన బాలిక తన కాళ్ళ బలముతో ఇంకను సంపాదింపగల దానిని కూడ కోల్పోవును. బాధితురాలికి మేలు కలుగువరకు తీర్పును చేతిలో పట్టుకొని నిలుచుట ఎంత చక్కని ధర్మము!

శిక్ష పెరుగు సందర్భములును కలవు. ఇద్దరు రన్నర్లను ఒకేసారి అవుటు చేయు అవకాశమును చెడగొట్టుటకే ఒక రన్నరు అడ్డుపడినదని స్పష్టమైనచో, ఆమెతో పాటు మరియొక రన్నరును కూడ అవుటు చేయుదురు. బంతి పట్టుకొని నిలిచిన ఫీల్డరును నిటారుగా వచ్చి ఢీకొట్టిన రన్నరు అవుటగును. క్రౌర్యముతో చేసినచో ఆటనుండియే వెళ్ళగొట్టుదురు. మొదటి బేసున తాకిళ్ళను తగ్గించుటకై పలు పోటీలలో జంట బేసు నుంచుచున్నారు: తెల్లనిది ఫీల్డరునకు, నారింజరంగుది పరుగిడి వచ్చునామెకు. ఒకే పీటకై ఇద్దరు పిల్లలు పోరాడునప్పుడు మనము రెండవ పీట వేయమా?

ఇక అంపైరు అవస్థ చూడుడు. 1975 అక్టోబరులో, వరల్డ్ సిరీస్ మూడవ పోటీలో, పదియవ ఇన్నింగ్సున సిన్సినాటి, బోస్టను పక్షములు 5–5గా నుండెను. సిన్సినాటి ఆటగాడు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టరు బంతిని మెల్లగా తాకి కదలుచుండగా, దానికై ముందుకు వచ్చిన బోస్టను క్యాచరు కార్ల్‌టన్ ఫిస్కు అతనితో తగులుకొనెను. ఫిస్కు విసరిన బంతి గతి తప్పి మైదానము మధ్యకు పోయినది. అడ్డగింత యని బోస్టనువారు మొరపెట్టిరి. అంపైరు లారీ బార్నెట్ కాదనెను. సిన్సినాటి 6–5గా గెలిచినది. పిదప ఆ అంపైరునకు బెదిరింపు ఉత్తరములు వచ్చినవి. ఒక క్షణపు తీర్పునకు ఒక మనుజుడు తన ప్రాణమునకై భయపడవలసి వచ్చెను. కల్మాషపాదుని కొరడా ఇంకను మన చేతులలోనే యున్నది.

చూపరుల కన్నులు బంతి వెంట పోవును. అంపైరు కన్ను మాత్రము బంతిని, ఫీల్డరును, రన్నరును మూడింటిని ఒక్కమారు చూడవలెను. బంతి కొట్టినదా, విసరినదా? పట్టగలది యెవరు? రన్నరు తొలగుటకు యత్నించినదా? కనురెప్ప పాటులో ఈ ప్రశ్నలన్నిటికి సమాధానము చెప్పుకొని చేయి ఎత్తవలెను. అంపైరు నియమమును తప్పుగా అన్వయించినచో పక్షమువారు విధ్యుక్తముగా ఆక్షేపింపవచ్చును. కాని కన్నులతో చూచి చేసిన నిర్ణయముపై అట్టి ఆక్షేపణ చెల్లదు. ఈ భేదమును పిల్లలకు నేర్పుట మిక్కిలి యవసరము. ‘నియమమేమి?’ అని అడుగుట విద్య. ‘నీ కన్ను అబద్ధము’ అని అరచుట తగవు.

సోదరీమణులారా! ఇంటిలో మనమును అనుదినము అంపైర్లమే. అక్కచెల్లెండ్ర తగవులో ఒకప్పుడు ఉద్దేశమును చూతుము, ఒకప్పుడు చూడము. తమ్ముని చేతిలో వేడి గిన్నె యుండగా అడ్డుపరుగెత్తిన పిల్లను, కావలెనని చేయకున్నను, మందలింతుము. త్రోవలో పోవుచుండగా ఎవరో విసరిన బొమ్మ తగిలిన పిల్లను మందలింపము. మన మనసున కెఱుకయైన ఈ న్యాయమునే ఆ నియమావళి అక్షరములలో పెట్టినది. మీ బిడ్డ అవుటై కన్నీళ్ళతో వచ్చినప్పుడు “అంపైరు మోసము చేసెను” అనకుడు. “బంతి కొట్టినదా, విసరినదా? ఆమె కన్నులెచ్చట నున్నవి? నీ కన్నులెచ్చట నున్నవి?” అని అడుగుడు. సమాధానము చెప్పుచుండగనే పిల్ల కన్నీరు ఆరును. మరునాడు పరుగెత్తునప్పుడు కన్నులు తెరచియుండును.

1996 మొదలు 2008 వరకు నాలుగు ఒలింపిక్ క్రీడలలో ఆడి, పిదప తొలగింపబడి, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మరల కనబడిన ఈ ఆట, 2028 లాస్ ఏంజెలిస్ క్రీడలలో తిరిగి చోటు సంపాదించినది. అప్పుడు మన పిల్లలతో కూర్చుండి చూచువారు బంతిని మాత్రమేగాక, అంపైరు చేతిని కూడ చూతురుగాక! రెండు చేతులు పైకి లేచెనా, ఎడమ పిడికిలి ప్రక్కకు చాచెనా యని గుర్తించిన క్షణముననే, దారి యెవరిదో ఆ పిల్లలే మనకు చెప్పగలరు.